ఆట నడిపేవాడికీ ఒక ఇష్టం ఉంటుంది

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో, బల్ల చుట్టూ కూర్చుని కథ అల్లుకుంటూ ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఈ ఆటలు పెద్ద నగరాలు దాటి మా వంటి ఊళ్లకు కూడా చేరాయని ఒక తెలుగు పత్రిక గుర్తించినందుకు నిజంగా సంతోషించాను. అయితే అందులో గేమ్ మాస్టర్‌కు, అంటే ఆట నడిపేవాడికి, ఇచ్చిన సలహా ఒకటి వారం రోజులుగా నా మనసులో మెదులుతూనే ఉంది. ఆట నడిపేవాడు పెళ్లి పందిట్లో వడ్డించేవాడి లాంటివాడనీ, పంక్తిలో కూర్చున్నవాళ్లు ఏది అడిగితే అది వేయడమే అతని పని అనీ, అతని సొంత రుచికి అక్కడ చోటు లేదనీ వ్యాసకర్త రాశారు. ప్రొద్దుటూరులో ఏడేళ్లుగా దాదాపు ప్రతి శనివారం మా ఇంటి మిద్దె మీద ఈ ఆట నడుపుతున్నవాడిగా, ఆ మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. కారణాలు కొంచెం వివరంగా చెప్పుకోనివ్వండి.

ఈ ఆట ఎరగని పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు. నలుగురైదుగురు ఆటగాళ్లు తలా ఒక పాత్రను ఎంచుకుంటారు. ఆ పాత్ర బలం, తెలివి, నేర్పు ఒక కాగితం మీద అంకెలుగా రాసి ఉంటాయి. గేమ్ మాస్టర్ ఆ పాత్రలు తిరిగే లోకాన్ని వర్ణిస్తాడు, దారిలో ఎదురయ్యే మనుషులందరి తరఫునా మాట్లాడతాడు. తన పాత్ర ఏం చేస్తుందో ఆటగాడు చెబుతాడు. ఆ పని నెరవేరుతుందో లేదో సందేహంగా ఉన్నచోట పాచిక వేస్తారు. మామూలు ఆరు ముఖాల పాచికతో పాటు నాలుగు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలూ ఉంటాయి. ఈ రకం ఆటల్లో మొట్టమొదట అచ్చయి అమ్మకానికి వచ్చినది 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ మూడు చిన్న పుస్తకాలుగా తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్.

వడ్డన పోలికనే ముందు తీసుకుంటాను. మా సీమలో ఏ శుభకార్యంలోనైనా వడ్డించినవాళ్లు కడబంతిలో కూర్చుని తింటారు. వాళ్లకని నాలుగు ఓళిగలు పక్కన పెట్టి ఉంచడం ఇంటివాళ్ల మర్యాద. పైగా గేమ్ మాస్టర్ వడ్డించి ఊరుకునేవాడు కాదు, వారమంతా పొయ్యి దగ్గర నిలబడేదీ అతనే. శనివారం రాత్రి మూడు గంటలసేపు సాగే ఆట కోసం నేను ఆ వారంలో ఐదారు గంటలైనా కూర్చుంటాను. ఊరి పటం గీసుకోవాలి, ఆ ఊళ్లో ఎవరికి ఎవరంటే పడదో రాసుకోవాలి, ఉత్తరానికి పోతారనుకున్న ఆటగాళ్లు దక్షిణానికి పోతారు కాబట్టి అక్కడ కూడా రెండు వీధులు కట్టి ఉంచుకోవాలి. ఈ పనికి జీతం లేదు, ఇష్టం ఒక్కటే చేయిస్తుంది. ఆ ఇష్టానికి చోటు లేదనడం పొయ్యిలో కట్టెలు లాగేసి ఎసరు మరగలేదేమని అడిగినట్టే ఉంటుంది.

ఈ చిక్కు ఆట పుట్టుకలోనే ఉంది. 1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే ఆయన సైనిక వ్యూహాల ఆట ఒకటి సిద్ధం చేశారు. నెపోలియన్ యుద్ధాల కాలం, బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణం. సేనాధిపతులతో పాటు ఆ పట్టణపు మేయరు, బ్యాంకరు, విశ్వవిద్యాలయ పెద్ద వంటి పాత్రలను కూడా ఆయన ఆటగాళ్లకు పంచారు. ఆయన తలపెట్టింది యుద్ధం. ఆటగాళ్లేమో ఒకరిని ఒకరు పక్కకు పిలుచుకుని రహస్య మంతనాలు జరపడం, కుట్రలు పన్నడం, ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికి సవాలు చేసుకోవడం మొదలుపెట్టారు. ఆట చేయి దాటిపోయిందనీ తన ప్రయత్నం చెడిపోయిందనీ వెస్లీ బాధపడ్డారు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడు పెడతారని ఆయన వెంటపడ్డారు. వాళ్లలో ఆర్నెసన్ ఒకరు. ఆటగాళ్ల ఇష్టమే నెగ్గాలనేవాళ్లు ఈ సంగతిని తరచూ సాక్ష్యంగా చూపిస్తారు. నేను దాన్ని మరో వైపు నుంచి చూస్తాను. వెస్లీ అక్కడితో విరమించలేదు, మరికొన్ని ఆటలు నడిపారు. వాటిలో ఒకటి లాటిన్ అమెరికాలోని ఒక కల్పిత దేశంలో జరుగుతుంది. కుట్రలకూ ఎత్తుగడలకూ తావిచ్చే లోకాన్ని ఆయనే తన చేతులతో కట్టారు. ఆటగాళ్లలో చూసిన ఉత్సాహం ఆయనకూ అంటుకుంది కాబట్టే ఆ పని జరిగింది. ఎవరో అడిగారని అయిష్టంగా కట్టిన లోకంలో ఎవరూ ఎక్కువ కాలం నిలవరు.

నా అనుభవం కూడా చెబుతాను. మూడేళ్ల కిందట నాకు పోరుమామిళ్ల చెరువు శాసనం మీద మక్కువ పట్టుకుంది. మా జిల్లావాళ్లలో చాలామందికి ఆ చెరువు తెలుసుగానీ 1369 నాటి ఆ సంస్కృత శాసనం సంగతి అంతగా తెలియదు. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమనే ఆ చెరువును తవ్వించినప్పుడు రెండేళ్ల పాటు రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు పనిచేశాయని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలనూ, చెరువుకు పట్టే ఆరు దోషాలనూ కూడా ఆ శాసనం లెక్కపెట్టి చెబుతుంది. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, నడిమధ్యలో మెరక ఉండడం, నీరు కొంచెమై పొలం ఎక్కువ కావడం, చోటు చాలక నీరు ఎక్కువ కావడం. ఆరు వందల యాభై ఏళ్ల నాటి ఆ మాటలు చదివి నేను పొంగిపోయాను. అటువంటి చెరువు ఒకటి కట్టే ఊళ్లో ఆట పెట్టాలని నెల రోజులు రాసుకున్నాను.

మొదటి రెండు శనివారాలు తూము కొలతలతో, కట్ట ఎత్తుతో, ఎవరి మడికి ఎన్ని గడియలు నీళ్లు వదలాలనే పంచాయతీతో గడిచాయి. నాకది పండగ. మా ఆటగాళ్లలో ఒకతను బంగారు అంగడిలో లెక్కలు రాస్తాడు. రాత్రి తొమ్మిదింటికి అంగడి కట్టేసి, అన్నానికి కూడా ఇంటికి పోకుండా, దారిలో కొన్న బొరుగుల పొట్లంతో నేరుగా మా మిద్దె ఎక్కుతాడు. నేను శాసనం గురించి చెబుతున్నంతసేపూ అతను తన పాత్ర కాగితం అంచును సన్నగా చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం నేను చూస్తూనే ఉన్నాను, చూసి కూడా ఆగలేదు. రెండో వారం చివర్లో అతను, “సార్, చెరువు కత బాగుందిగానీ, మావాడు కత్తి దూసే పని ఏ పొద్దన్నా ఉందా, లేదా?” అని అడిగాడు. అందరూ వెళ్లాక చాప మీద మిగిలిన ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాను. వెనకవైపు పెన్సిలుతో ఒక ఖడ్గం గీసి, పిడి మీద రత్నాలకు గుర్తుగా ఏడు చుక్కలు పెట్టి ఉన్నాడు. రెండు వారాలుగా ఆ ఖడ్గం ఒర దాటలేదు.

ముందు నాకు కోపం వచ్చిన మాట దాచను. నెల రోజుల శ్రమకు విలువ లేదా అనిపించింది. తెల్లవారి శాసనంలోని ఆరు దోషాలనే మళ్లీ చదువుతుంటే మూడో దోషం దగ్గర కన్ను ఆగింది. రెండు రాజ్యాల పొలిమేర. కత్తులు దూయడానికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది? ఆ శనివారం అర్ధరాత్రి పక్క పాలెగాడి మనుషులు గడ్డపారలతో కట్ట తెంచడానికి వచ్చారు. ఇద్దరు ఆటగాళ్లు కట్ట మీద వాళ్లతో తలపడుతుంటే, మిగిలినవాళ్లు కింద నీరు ఊరుతున్నచోట బంకమన్ను మెత్తుతూ, రాళ్లు పేరుస్తూ కూర్చున్నారు. అంగడి అబ్బాయి మోకాళ్ల మీద లేచి ఇరవై ముఖాల పాచికను రెండు చేతుల మధ్య ఆడించి విసిరాడు. చెరువును నేను వదులుకోలేదు, అతను ఖడ్గాన్ని వదులుకోలేదు. ఆ కథ తొమ్మిది నెలలు నడిచింది.

ఇది విజయగాథగా చెప్పడం లేదు. అదే గుంపులో చేనేత కుటుంబం నుంచి వచ్చే ఒక యువకుడు ఉండేవాడు. వారమంతా మగ్గం మీద కూర్చుని వచ్చే అతనికి కావలసింది నవ్వు. చెరువూ పట్టలేదు, యుద్ధమూ పట్టలేదు. ఐదో వారం నుంచి రావడం మానేశాడు. తప్పు నాది. ఎలాంటి ఆట పెట్టబోతున్నానో మొదటి రోజే నోరు విప్పి చెప్పి ఉంటే, ఇది నాకు సరిపడదని అతను ముందే అనేవాడు. లేదా నవ్వుకు చోటున్న పాత్ర ఒకటి ఇద్దరం కలిసి అల్లుకునేవాళ్లం. ఇది నా ఇష్టం మాత్రమేనని చెప్పకుండా, ఆట అంటే ఇలాగే ఉంటుందన్నట్టు అతని ముందు పెట్టాను. ఆట మొదలవకముందే ఒక రోజు కూర్చుని మాట్లాడుకోవడాన్ని ఇప్పుడు ఈ ఆటలవాళ్లు సెషన్ జీరో అంటారు. ఆ రోజు గేమ్ మాస్టర్ ఆటగాళ్లను ప్రశ్నలడిగి ఊరుకోకూడదని, తనకు ఏది ఇష్టమో, ఏది నడపలేడో కూడా అంతే స్పష్టంగా చెప్పాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీ వ్యాసంలో ఆ సగం లేదు.

మా ఊరు అవధానాల ఊరు. గడియారం వేంకటశేషశాస్త్రి గారు, దుర్భాక రాజశేఖర శతావధాని గారు తిరిగిన వీధుల్లో ఉంటూ ఈ విషయానికి పోలిక కోసం దూరం పోనక్కర్లేదు. అష్టావధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు పద్యపాదం ఒకటి ఇస్తాడు, పైకి అది అసంబద్ధంగా ఉంటుంది. మిగిలిన పాదాలతో అవధాని దానికి అర్థం కుదర్చాలి. నిషిద్ధాక్షరి ఇచ్చేవాడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు, అవధాని పక్కదారి వెతుక్కుని పద్యం ముగిస్తాడు. పృచ్ఛకుడు ఏమి అడగబోతున్నాడో అవధానికి తెలియదు, తెలియకూడదు. అయితే ఏ ఎనిమిది అంశాలు ఉంటాయన్నది మాత్రం సభకు ముందే కుదుర్చుకుంటారు, అందులో అవధాని మాట ఉంటుంది. పద్యం కూడా చివరికి అవధానిదే. మా ఆటలోనూ నేను కోరేది ఇంతే. ఏ రకం కథ, ఎంత యుద్ధం, ఎంత మాట, ఎంత హాస్యం అన్నది ముందే అందరం కలిసి కుదుర్చుకోవాలి. ఆట మొదలయ్యాక ఆటగాడి పాత్ర ఏం చేస్తుందన్నది పూర్తిగా ఆటగాడి సొంతం. అతను విసిరిన సమస్యను పూరించే తీరు నడిపేవాడి సొంతం. పాచిక చెప్పిందాన్ని ఇద్దరూ మన్నించాలి. నడిపేవాడు తనకు కావలసిన ముగింపు కోసం ఆటగాడి పాత్రను గొర్రెలా తోలుకుపోతే అది ఆట కాదు. పద్యం పడిపోవాలనే పంతంతో కూర్చున్న పృచ్ఛకుడి లాంటి ఆటగాడిని కూడా మేము మా చాప మీద కూర్చోబెట్టుకోము.

ఓటు వేసి తేల్చుకోవచ్చు కదా అని కొందరంటారు. మేము అదీ చేశాం. ఐదుగురి ఇష్టాలకు సరాసరి తీస్తే ఎవరికీ ఇష్టం కానిది ఒకటి మిగిలింది. గణితం చెప్పేవాడిని, సరాసరి సంగతి నాకు తెలియనిది కాదు. ఒకసారి కాగితాలు పంచి ఆట నుంచి మీకేం కావాలో రాయమన్నాను. అందరూ కథ ముఖ్యమనే రాశారు, అధ్యాపకుడు అడిగినప్పుడు మంచి మార్కులు వచ్చే జవాబు రాసినట్టు. 1980లోనే గ్లెన్ బ్లాకో అనే ఆయన ఆటగాళ్ల అభిరుచులను నాలుగుగా విడదీశారు. పాత్రకు బలం కూడబెట్టుకోవడం, పాత్రలో లీనం కావడం, వ్యూహంతో గెలవడం, కథ పండించడం. చదవడానికి బాగుంటుందిగానీ, మనుషులు ఒక పెట్టెలో ఇమడరు. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే అమ్మాయి రాత్రి డ్యూటీ చేసి వచ్చిన వారం ఊరికే నవ్వించే సన్నివేశాలు కోరుకుంటుంది. సెలవు దొరికిన వారం గంటసేపు రాయబారం నడుపుతుంది. ఎవరు ఏ మాటకు ముందుకు వంగారో, ఎవరు ఎప్పుడు బొరుగుల పొట్లం వైపు చూశారో గమనించడమే నాకు ఇప్పటికీ ఎక్కువ పనికొస్తోంది.

ఇక మీ వ్యాసకర్త సలహానే నేను తు.చ. తప్పకుండా పాటించిన కాలం ఒకటి ఉంది. చేనేత అబ్బాయి మానేసిన దిగులుతో, తర్వాతి ఆట పూర్తిగా ఆటగాళ్లు కోరినట్టే నడిపాను. వాళ్లు కోరింది దొంగతనాలూ ఛేజింగులూ ఉండే ఆట. అందులో తప్పేమీ లేదు, నాకు అది రాదు, అంతే. ప్రతి గురువారం రాత్రి కాగితం ముందు కూర్చుంటే పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు ఉండేది. ఆరు వారాలకు ఒక శనివారం జ్వరమని అబద్ధం చెప్పాను. తర్వాత రెండు నెలలు మా మిద్దె మీద చాప పరవలేదు. నాతో పాటు ఐదుగురికీ ఆట లేకుండా పోయింది. చివరికి నర్సు అమ్మాయే, దొంగతనాల ఆట నేను నడుపుతాను, మీరు ఆడండి సార్ అంది. ఆమెకు అది ఇష్టం కాబట్టి చక్కగా నడిపింది. నేను తాళాలు తీసే ముసలివాడి పాత్ర వేశాను. ఇప్పుడు మూడు నెలలకొకసారి నడిపేవాళ్లం మారుతున్నాం. గేమ్ మాస్టరే వద్దనుకునేవాళ్లకు 2009లో వచ్చిన ఫియాస్కో వంటి ఆటలు ఉన్నాయి. మాకు అవి అంతగా నప్పలేదు.

ఒక్క విషయంలో మాత్రం నడిపేవాడి ఇష్టానికి నేను చోటివ్వను. పోరుమామిళ్ల కథలో చెరువులో పడిపోయిన పసిబిడ్డ సన్నివేశం ఒకటి రాసుకున్నాను. చెప్పడం మొదలుపెట్టగానే నర్సు అమ్మాయి చేయెత్తి, ఇది వద్దు సార్ అంది. ఎందుకని అడగలేదు. ఆమె ఏ వార్డులో పనిచేస్తుందో నాకు తెలుసు. ఆ బిడ్డ కథలో లేదని అక్కడికక్కడే చెప్పి ముందుకు పోయాం. ఇటువంటి సందర్భాల కోసం బల్ల మధ్యలో ఒక కార్డు ఉంచే పద్ధతిని జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చారు. ఎవరైనా దాన్ని తాకితే చాలు, కారణం చెప్పనక్కర్లేకుండా ఆ సన్నివేశం వదిలేస్తారు. అభిరుచుల మధ్య బేరం కుదుర్చుకోవచ్చు. బాధ దగ్గర బేరం లేదు. ఈ రెంటినీ ఒకే గాట కట్టబట్టే చాలామంది గేమ్ మాస్టర్లు చిన్న అభ్యంతరాన్ని కూడా తమ అధికారం మీద దాడిగా తీసుకుంటున్నారు.

మీ వ్యాసం తాకని సంగతి మరొకటి ఉంది, మా ఊళ్లో అదే అన్నిటికన్నా పెద్దది. నియమాల పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. చాప మీద కూర్చున్న ఆరుగురిలో ఆ పుస్తకం పూర్తిగా చదివినవాణ్ని నేనొక్కణ్నే. ఏమేం అడగవచ్చో తెలియనివాడు ఏమి కోరుకుంటాడు? నేను చెప్పిందే నియమం, నేను మరిచిపోయింది లేనట్టే. ఆటగాళ్ల ఇష్టాన్ని మన్నిస్తున్నానని నేను ఎంత అనుకున్నా, తక్కెడ నా వైపే మొగ్గి ఉంది. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణకర్తలు ఆ ఆట మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే చాలు, ఎవరైనా దాన్ని అనువదించుకోవచ్చు, పంచుకోవచ్చు. ఆ ధైర్యంతో నేను పోరాటం, మంత్రాలు, విశ్రాంతి గురించిన భాగాలు పన్నెండు పేజీలు తెలుగులో రాసి జిరాక్సు తీయించి అందరికీ ఇచ్చాను. మూడో వారం అంగడి అబ్బాయి ఆ కాగితం నా ముందు పెట్టి, వేలితో వరస చూపించి, “ఈడ రాసింది ఇట్ల కాదు కదా సార్” అన్నాడు. అతనిదే నిజం. ఏడేళ్లలో నా తీర్పును ఒక ఆటగాడు ఆధారం చూపించి సరిదిద్దడం అదే మొదలు. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం ఏ కథ పండినప్పుడూ కలగలేదు.

అందుచేత మీకు నా మనవి రెండు. ఈ ఆటల గురించి మళ్లీ రాయించేటప్పుడు నడిపేవాళ్లతో కూడా మాట్లాడించండి. కర్నూలు, అనంతపురం, కడప వంటి ఊళ్లలో నడిపేవాళ్లతో అయితే మరీ మంచిది. అలాగే మీ ఆదివారం అనుబంధంలో నాలుగైదు వారాలు ఒక్కొక్క పేజీ కేటాయించి ఆ మూల నియమాలను తెలుగులో అచ్చు వేయండి. నేను రాసుకున్న పన్నెండు పేజీలను ఏ ప్రతిఫలమూ లేకుండా పంపిస్తాను. భాష దిద్దే పని మీ డెస్కువాళ్లు చేస్తే చాలు.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకుడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.